అమ్మణ్ణీ, ఆ 40 ప్రశ్నల పేపరు పక్కన పెట్టు

అమ్మణ్ణీ,

నీ థీసిస్ కోసం నువ్వు పంపిన సినాప్సిస్ రెండుసార్లు చదివా. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు ఆరు తీసుకుంటా, ఒక్కో దాంట్లో మేనేజర్లకి 40 ప్రశ్నల పేపరు ఇస్తా, సాఫ్ట్‌వేర్ వల్ల నిర్ణయాలు బాగుపడ్డాయో లేదో తేలుస్తా అని రాశావు. పని చెయ్యాలన్న ఆత్రం కనపడతా ఉండాది, సంతోషం. కానీ తల్లీ, అది కేస్ స్టడీ, అంటే ఒకటి రెండిటినే లోతుగా తవ్వి చూసే పద్ధతి, అని పేరు పెట్టుకున్న సర్వే. ఎట్ట జరిగింది, ఎందుకట్ట జరిగింది అని అడిగేటప్పుడు, జరిగేదాని మీద మన చెయ్యి లేనప్పుడు, అది మన కళ్ళముందే నడుస్తా ఉన్నప్పుడు కేస్ స్టడీ పట్టుకోవాలి. కేస్ స్టడీ ఎట్ట చెయ్యాలో రాసిన రాబర్ట్ యిన్ 1984లో ఆ పుస్తకం రాసినకాడి నుంచీ చెప్పింది ఇదే. నీ ప్రశ్నలో 'ఎట్ట' అనేదే లేదు.

నాకు జరిగింది ఒకటి చెప్తా, అప్పుడు నీకే అర్థమవుద్ది. చెరువుల్లో టైగర్ రొయ్య తగ్గిపోయి వనామీ రకం రొయ్య వచ్చిన కొత్తల్లో ఒక ప్రాజెక్టు కోసం ఒక కంపెనీకి మూడు నెలలు తిరిగా, పేరు వద్దులే. పర్చేజ్ మేనేజరు కంప్యూటరు నా వైపు తిప్పి చూపించాడు, ఎగుమతి ధర, డాలరు రేటు, ప్రాసెసింగ్ ఖర్చు, తరుగు శాతం అన్నీ వేస్తే 30 కౌంటుకి (కిలోకి 30 రొయ్యలు తూగే సైజు) ఇంత, 50 కౌంటుకి ఇంత, 100 కౌంటుకి ఇంత అని కింద రేటు పడతది. "మేం దీన్నిబట్టే కొంటాం సార్" అన్నాడు. నేనూ అట్టే రాసుకున్నా, చాప్టరు కూడా అయిపోయింది. తర్వాత ఒకరోజు తెల్లారుజామున నాలుగున్నరకి ఆ ఆఫీసులో పోయి కూర్చున్నా. ఆడ గుమస్తా ఒకాయన ముందు పొడుగు బైండు పుస్తకం ఉండాది. ఏజెంట్లు ఫోన్ మీద ఫోన్ చేస్తా ఉండారు, పక్క కంపెనీ వాళ్ళు ఇంత పెట్టారంట అని ఒకరు, ఫలానా చెరువులో వైట్ స్పాట్ రోగం కొట్టింది రైతు ఈపొద్దే పట్టేస్తాడు అని ఇంకొకరు, ఆయన పెన్సిల్‌తో రేట్లు రాస్తా, రబ్బరు పెట్టి చెరుపుతా, మళ్ళీ రాస్తా, ఆరున్నరకి వాటి మీదే పెన్నుతో ఖాయం చేశాడు. తొమ్మిదికి మేనేజరు వచ్చి, ఆ పెన్ను రేటు స్క్రీన్ మీద కనపడేదాకా తరుగు శాతం మార్చుకుంటా కూర్చున్నాడు.

కంప్యూటర్లో ఆ లెక్కల షీటు హెడ్డాఫీసుకి చూపించడానికి. రేటు నిర్ణయమయ్యేది ఆ పెన్సిల్ దగ్గర. మేనేజరు నాతో అబద్ధం ఆడలేదు, ఆయన మనసా వాచా సిస్టమ్‌తోనే కొంటన్నామని నమ్మినాడు. నేను ఆ చాప్టరు మొత్తం తీసేసి మళ్ళీ రాశా, ఐదు నెలలు పోయినాయి. నీకు ఆ ఐదు నెలలు పోకూడదని ఈ ఉత్తరం.

అందుకని ముందు కంపెనీని పట్టుకోబాక, ఒక్క నిర్ణయాన్ని పట్టుకో. నీ కేసు అంటే కంపెనీ కాదు, ఆ నిర్ణయం. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది కదా, ఆ వారంలో ఒక ప్లాంటు రైతు దగ్గర కొనే రేటు ఎట్ట తేల్చింది? ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఏ లెక్క తీశారు, ఏ లెక్క పక్కన పడేశారు? దీన్ని పట్టుకో చాలు. ఆరు ప్లాంట్లు వద్దు, రెండు చాలు, అవి కూడా ఊరికే దొరికినవి కాకుండా ఎంచి తీసుకో, అమెరికాకే ఎక్కువ పంపేది ఒకటి, వేరే దేశాలకి పంపేది ఒకటి. ఎక్కడ ఒకేలా జరగాలి, ఎక్కడ తేడా రావాలి అని నువ్వు ముందే అనుకుని పోతావు, అట్ట రాకపోతే నీ ఊహ తప్పని అక్కడే తెలుస్తది. కేస్ స్టడీల నుంచి సిద్ధాంతం కట్టడం గురించి ఐసెన్‌హార్ట్ 1989లో నాలుగు నుంచి పది కేసులైతే బాగుంటదని రాసింది నిజమే, కానీ ఒక్కదానివి నాలుగు నెలల్లో ఆరు చేస్తే ఆరూ పైపైనే.

మీ గైడ్ అడుగుతాడు, ఒకటి రెండు చూసి అందరికీ ఎట్ట చెప్తావమ్మా అని. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటారు కదా, ఆ మాట ఇక్కడ వాడబాక, ఇరుక్కుంటావు. కుండలో మెతుకులన్నీ ఒకే నీళ్ళలో ఒకే మంట మీద ఉడికినాయి, ప్లాంట్లు అట్ట కాదు. నీ రెండు కేసులు జిల్లాలో ప్లాంట్లన్నిటికీ శాంపిల్ అని చెప్పొద్దు, ఫలానా పరిస్థితిలో లెక్క కన్నా ఫోన్ గెలుస్తది, ఎందుకంటే ఇదీ కారణం, అని ఆ కారణం గురించి చెప్పు. ఆ కారణం వేరే చోట ఉంటే అక్కడా నిలబడాలి. ఒంగోలు పొగాకు వేలంలో కూడా ఇట్టాంటిదే చూడొచ్చు, బేలుకి ఎవరు ఎంత పాడారో సిస్టమ్‌లో ఉంటది, కానీ నోబిడ్ అయిన, అంటే ఎవరూ పాడని, బేలు ఎందుకు నోబిడ్ అయిందో దాంట్లో ఉండదు, దానికి వేలం జరిగే ప్లాట్‌ఫామ్ మీద నిలబడాల్సిందే.

మనుషుల్ని అడిగేటప్పుడు "నిర్ణయం ఎవరు తీసుకున్నారు" అని అడగబాక. అట్ట అడిగితే పెద్దాయన పేరే చెప్తారు. "ఆరోజు పొద్దున రాగానే ఏం చేశారు, తర్వాత?" అని అడుగు. అయిపోయిన నిర్ణయం గురించి చెప్పేటప్పుడు అందరూ దాన్ని సాపు చేసి చెప్తారు, ముందు సమస్య, తర్వాత దారులు వెతికాం, మంచిది ఎంచుకున్నాం అని. మేనేజ్‌మెంట్ పరిశోధకుడు మింట్జ్‌బర్గ్ వాళ్ళు 1976లో 25 నిర్ణయాలు చూసి రాశారు, అట్ట తిన్నగా పోవు, మధ్యలో ఆగుతాయి, వెనక్కి తిరుగుతాయి. నిర్ణయాల మీద పనిచేసి నోబెల్ తెచ్చుకున్న హెర్బర్ట్ సైమన్ కూడా అన్నాడుగా, మనిషి అన్నిట్లోకీ మంచిదాని కోసం వెతకడు, సరిపోయేది దొరకగానే ఆగుతాడని. కాబట్టి అయిపోయిందొకటి, ఇప్పుడు నడస్తన్నదొకటి, రెండూ పట్టుకో.

ఇంకోటి, ఇది మాత్రం తప్పకుండా చెయ్యి. సిస్టమ్ చూపించిన అంకె, చివరికి ఇచ్చిన అంకె వేరే వేరే ఉన్న రోజులు రాసుకో. నీ థీసిస్ అంతా ఆ రోజుల్లోనే ఉంటది. సాఫ్ట్‌వేర్ బాగుందా అని అడిగితే బాగుందమ్మా అని టీ ఇచ్చి పంపిస్తారు, "14వ తేదీ ఇక్కడ తేడా ఉందే, ఏమైంది సార్" అంటే కుర్చీ ముందుకి లాక్కుంటారు. దాన్ని కూడా ఒక్కరి నోటితో వదలబాక, రిజిస్టరు చూడు, ఒప్పుకుంటే ఆ వాట్సాప్ గ్రూపు చూడు, కొన్నిరోజులు కూర్చుని చూడు, మూడూ కలవని చోట మళ్ళీ అడుగు. తర్వాత అదే సంఘటనని మూడు రకాలుగా చదువు, లెక్క ప్రకారం ఏమనిపిస్తది, ఆఫీసు అలవాటు ప్రకారం ఏమనిపిస్తది, మనుషుల మధ్య పట్టూ విడుపూ ప్రకారం ఏమనిపిస్తది. అమెరికా, సోవియట్ యూనియన్ యుద్ధం అంచుదాకా పోయిన 1962 క్యూబా క్షిపణుల సంక్షోభాన్ని గ్రాహమ్ ఆలిసన్ అనే పరిశోధకుడు అట్టే మూడుసార్లు చూశాడు.

నోట్సు ఆ రాత్రే రాసెయ్, తెల్లారితే సగం నీ సొంతమాట కలుస్తది.

పేర్ల సంగతి జాగ్రత్త తల్లీ. గూడూరు దగ్గర పెద్ద ప్లాంటు అని రాస్తే ఇక్కడ టీకొట్టు కాడ అందరికీ తెలిసిపోద్ది. పేరు తీసేస్తే చాలదు, ఊరు, సైజు కూడా కనపడకుండా చూడు. ఆ గుమస్తా లాంటి మనుషులు నిన్ను నమ్మి పుస్తకం చూపిస్తారు, నీ చాప్టరు వల్ల ఆయన ఉద్యోగానికి ముప్పొస్తే నువ్వు ఏం చెయ్యగలవు? అచ్చుకి పోకముందు ఆయన గురించి రాసింది ఆయనకే చదివి వినిపించు, నేను అట్టే చేశా, రెండు చోట్ల తప్పు కూడా దిద్దాడు.

ఆదివారం పొద్దున్నే వచ్చెయ్, ఆత్మకూరు బస్టాండ్ కాడికి వస్తా. నాకు తెలిసిన కొనుగోలు ఏజెంటు ఒకాయన ఉండాడు, నాలుగింటికి లేస్తాడు, సోమవారం నిన్ను ఆయన పక్కన కూర్చోబెడతా. ఖాళీ నోటుబుక్ ఒకటి తెచ్చుకో, ఆ 40 ప్రశ్నల పేపరు మాత్రం తేబాక.

మీ పెద్దనాయన