తుంచి ఊదడం కూడా సంగీతమేనా?

ప్రశ్న: గజపతినగరం దగ్గర బ్యాండు మేళంలో నేను ఇరవై రెండేళ్లుగా సాక్సోఫోన్ వాయిస్తున్నాను. మా అబ్బాయి నా దగ్గరే ఆల్టో అనే రకం సాక్సోఫోన్ నేర్చుకుంటున్నాడు. ఈమధ్య మేసియో పార్కర్ అనే అమెరికా కళాకారుడిని ఫోనులో వింటూ, ఆయనలాగే స్వరాన్ని తుంచి తుంచి ఊదుతున్నాడు. కీర్తనైనా సినిమా పాటైనా గమకంతో సాగితేనే కదా ఈ వాద్యానికి అందం! ఇలా ఊది ఆయన అంత పేరు ఎలా తెచ్చుకున్నారు? వాణ్ణి ఆ దారిలో వెళ్లనివ్వవచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: మీ అబ్బాయి ఊదుతున్నది తాళం అనుకుని ఒకసారి వినండి. తప్పెటగుళ్ళ బృందం వారు గుండెల మీది తప్పెటపై ఒక్కసారిగా దెబ్బ వేసి, గజ్జెల అడుగు పడేదాకా ఆగి మళ్లీ వేసినప్పుడు, ఆ ఆగడంలోనే ఊపంతా ఉంటుందని మన జిల్లాల వారికి వేరే చెప్పనక్కరలేదు. పార్కర్ గారు సాక్సోఫోన్‌తో చేసిన పని అదే.

ఆయన 1943లో నార్త్ కెరొలైనా రాష్ట్రంలోని కిన్‌స్టన్‌లో పుట్టారు. 1964లో గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో చేరినప్పుడు, బ్రౌన్ గారు కోరుకున్నది నిజానికి డ్రమ్స్ వాయించే పార్కర్ గారి తమ్ముడు మెల్విన్‌ను. వెంట వచ్చిన అన్నగారికి బారిటోన్ అనే మందరస్థాయి సాక్సోఫోన్ దగ్గర చోటు దొరికింది. ఆ బృందంలో గిటారుతో సహా ప్రతి వాద్యమూ డ్రమ్ములాగే పలకాలి, బరువంతా ఆవర్తనంలోని తొలి దెబ్బ మీద, అంటే మనం సమం అనే చోట పడాలి. ఫంక్ అనే సంగీతానికి ప్రాణం ఇదే.

1967 నాటి 'కోల్డ్ స్వెట్' పాటను మీరే పెట్టుకుని వినండి. బ్రౌన్ గారు 'మేసియో' అని పేరు పెట్టి పిలవగానే మొదలయ్యే ఆ సోలోలో, అంటే పార్కర్ గారు ఒక్కరే ముందుకొచ్చి వాయించే భాగంలో, వెనుక వాద్యాలు ఒకే చోట తిరుగుతూ ఉంటాయి. తంబురా శ్రుతి మీద గంటల తరబడి రాగం విన్న మన చెవికి అది పరాయిదిగా తోచదు. స్వరాలు కొన్నే అయినా ప్రతి స్వరమూ ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ తెగాలో తెలిసి పడుతుంది. నాలుక కొనతో రీడును, అంటే నోటి దగ్గర అదిరే పలుచని బద్దను, తాకి స్వరాన్ని ఎత్తుకోవడం మీకు అలవాటే. ఫంక్‌లో మళ్లీ రీడును తాకి దాన్ని ఆపాలి, ఆపిన ఆ క్షణంలోనూ కడుపులోంచి వచ్చే గాలి ఒత్తిడి సడలకూడదు. సాగదీసి ఊదడం కంటే ఇది తేలికని నేను అనుకోను.

పార్కర్ గారు 1970లో బ్రౌన్ గారిని వదిలి వెళ్లారు, మళ్లీ చేరారు, తర్వాత జార్జ్ క్లింటన్ నడిపిన 'పార్లమెంట్' అనే ఫంక్ బృందంలో వాయించారు. నలభై ఏడో ఏట, 1990లో, తన పేరు మీద తెచ్చిన ఆల్బంతో సొంత బృంద నాయకుడిగా స్థిరపడ్డారు. ఒకరి వెనుక నిలబడి పాతికేళ్లు వాయించిన మనిషికి ఆ వయసులో వేదిక మధ్య చోటు దక్కడం నాకు ఎంతో ఇష్టమైన విషయం. తన సంగీతంలో 2 శాతం జాజ్, 98 శాతం ఫంక్ అని ఆయనే తరచుగా చెప్పారు.

ఇక మీ అబ్బాయి సంగతి. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో పలికిన వయొలిన్ కూడా బయటినుంచి వచ్చిన వాద్యమే. కద్రి గోపాలనాథ్ గారు ఇదే సాక్సోఫోన్‌తో కర్ణాటక కచేరీలు చేశారు. అందువల్ల వాడిని ఆపవద్దు, మీ గమకాన్నీ వాడిచేత మాన్పించవద్దు. రోజూ పది నిమిషాలు డోలు వాయించే మీ తోటివారిని కూర్చోబెట్టి ఆదితాళం వేయించండి. మొదట సమం మీద మాత్రమే, ఒకే స్వరం, పొట్టిగా ఊదమనండి. మిగిలిన ఏడు అక్షరాలూ మౌనమే. అది నిలకడగా వచ్చాక మీరు పాట పల్లవి సాగదీసి వాయిస్తుంటే, పాదానికీ పాదానికీ మధ్య ఖాళీలో వాడిని రెండు దెబ్బలతో బదులు ఇవ్వమనండి.