యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేశాక ఫోన్‌లో మిగిలిపోయే డేటాను తొలగించడం ఎలా?

ముప్పై యాప్‌లు తీసేసినా ఫోన్‌లో ఖాళీ పెద్దగా పెరగలేదని, వాటి అవశేషాలను ఊడ్చిపెట్టే మంచి క్లీనర్ యాప్ ఏదైనా ఉంటే చెప్పమని అడిగారు. ఏ క్లీనర్ యాప్ జోలికీ వెళ్లకండి. అలాంటి యాప్ చూపించే చీపురు బొమ్మను నమ్మి నేను ఏం పోగొట్టుకున్నానో ముందు చెప్పి, తర్వాత మీ ఫోన్ సంగతికి వస్తాను.

అప్పట్లో నా దగ్గర ఆండ్రాయిడ్ 9 ఫోన్ ఉండేది. కాగితాలను ఫోటో తీసి పీడీఎఫ్‌గా మార్చే స్కానర్ యాప్ ఒకటి వాడేవాడిని. డిగ్రీ పట్టా మొదలుకొని పాత ఉద్యోగాల అనుభవ పత్రాల వరకు నా కాగితాలన్నీ అందులోనే స్కాన్ చేసి పెట్టుకున్నాను. పేజీకొక ప్రకటన చూపించడం మొదలుపెట్టేసరికి విసుగెత్తి దాన్ని తీసేశాను. యాప్ పోయినా, ఇంటర్నల్ స్టోరేజ్‌లో అది తన పేరుతో తెరుచుకున్న ఫోల్డర్ మాత్రం అలాగే ఉండిపోయింది. నా పీడీఎఫ్‌లన్నీ అందులోనే ఉన్నాయని నాకు తెలుసు. తీరిక దొరికినప్పుడు వేరే చోటికి మార్చుకుందాంలే అనుకున్నాను.

రెండు నెలల తర్వాత స్టోరేజ్ నిండిపోయిందని ఫోన్ మాటిమాటికీ హెచ్చరిస్తుంటే ఒక క్లీనర్ యాప్ వేసుకున్నాను. తెర నడుమ ఒక ఎర్రటి వలయం, అందులో గిర్రున పెరుగుతూ వచ్చి 1.3 జీబీ దగ్గర ఆగిన అంకె, దాని కింద ‘తొలగించిన యాప్‌ల అవశేషాలు’ అని ఒక వరుస, ఆ వరుసకు నన్ను అడగకుండానే పెట్టేసిన టిక్కు. వేలితో ఒకసారి తాకితే ఆ వరుస తెరుచుకుని లోపల ఏముందో కనిపించేది, కానీ నేను తాకలేదు. బటన్ నొక్కాను, చీపురు రెండుసార్లు అటూ ఇటూ ఊగింది, వలయం ఆకుపచ్చగా మారింది, ఆ వెంటనే ఒక ప్రకటన వచ్చింది. వారం తిరగకుండానే ఒక ఉద్యోగ దరఖాస్తుకు అర్ధరాత్రితో గడువు ముగుస్తుందనగా, పది గంటల వేళ పత్రాలు జతచేద్దామని ఫైల్ మేనేజర్ తెరిస్తే అసలు ఆ ఫోల్డరే లేదు. ఆ పత్రాల ఒరిజినల్స్ కూడా నా దగ్గర లేవు. చివరికి మూడేళ్ల కిందట ఎవరికో పంపిన మెయిల్‌లో మసకమసకగా ఉన్న కాపీ ఒకటి దొరికితే, పదకొండు నలభైకి దాన్నే జతచేసి పంపాను.

దోషం క్లీనర్‌ది ఎంతో నాదీ అంతే కావచ్చు, కానీ అది ఎలా పొరపడిందో మీరు తెలుసుకోవాలి. ఇలాంటి యాప్‌లు ఏ ఫోల్డర్ పేరు ఏ యాప్‌దో చెప్పే ఒక జాబితాను వెంట పెట్టుకుంటాయి. ఫోల్డర్ ఉండి యాప్ లేకపోతే అది అవశేషమని తేల్చేస్తాయి. అందులో ఉన్నది యాప్ తన పనుల చిట్టా రాసుకున్న పనికిరాని లాగ్ ఫైలో, మీ డిగ్రీ పట్టానో వాటికి పట్టదు.

అసలు ఆండ్రాయిడ్‌లో ఊడ్చవలసిన పని చాలావరకు ఫోనే చేసుకుంటుంది. ప్రతి యాప్‌కు సిస్టమ్ విడిగా ఒక యూజర్ ఐడీ (గుర్తింపు సంఖ్య) ఇచ్చి, ఇతర యాప్‌లు తొంగిచూడలేని సొంత ఫోల్డర్ కేటాయిస్తుంది. లాగిన్ వివరాలు, సెట్టింగ్స్, డేటాబేస్, క్యాచీ (తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు) అన్నీ అక్కడే ఉంటాయి, యాప్‌ను తీసేయగానే సిస్టమే వాటిని చెరిపేస్తుంది. మిగిలేవల్లా ఆ సొంత ఫోల్డర్ బయట, ఉమ్మడి స్టోరేజ్‌లో, యాప్ రాసిపెట్టినవి. పూర్వం ఏ యాప్ అయినా అనుమతి పుచ్చుకుని అక్కడ ఇష్టం వచ్చిన పేరుతో ఫోల్డర్ తెరిచేది. 2019లో ఆండ్రాయిడ్ 10తో మొదలైన కట్టడి 2020లో ఆండ్రాయిడ్ 11తో బిగిసింది. విండోస్ కంప్యూటర్లలో ప్రోగ్రామ్ తీసేశాక రిజిస్ట్రీని (ప్రోగ్రామ్‌ల సెట్టింగ్స్ దాచే చోటును) శుభ్రం చేసే రోజులు చూసినవారికి ఫోన్‌లోనూ అలాంటి చెత్త ఎక్కడో పేరుకుపోతోందనే అనుమానం వదలదు. క్లీనర్ల వ్యాపారమంతా ఆ అనుమానం మీదే నడుస్తోందని నా గట్టి అభిప్రాయం.

కనుక మీరు చేయవలసిన పని చిన్నది. ఫైల్ మేనేజర్‌లో ఇంటర్నల్ స్టోరేజ్ తెరిచి, దాచిన ఫైళ్లు చూపించే ఎంపికను ఆన్ చేయండి. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు అప్పుడే కనబడతాయి. తీసేసిన యాప్ పేరుతోనో, దాని కంపెనీ పేరుతోనో ఫోల్డర్ కనిపిస్తే లోపలికి వెళ్లి చూసి, మీకు కావలసినవి బయటికి తెచ్చుకుని, ఆ తర్వాతే తొలగించండి. డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో కూడా తీసేసిన యాప్‌లు వదిలిన ఫైళ్లు ఉంటాయి, వాటిని ఒక్కొక్కటిగా చూడక తప్పదు. ‘ఆండ్రాయిడ్’ అనే ఫోల్డర్‌ను మాత్రం మొత్తంగా తొలగించకండి. ఇప్పుడు వాడుతున్న యాప్‌ల ఫైళ్లూ అందులోనే ఉంటాయి. దాని లోపలి ‘డేటా’ ఫోల్డర్‌ను ఆండ్రాయిడ్ 11 నుంచి మామూలు ఫైల్ మేనేజర్లకు చూపించడం లేదు. ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే చూడవచ్చు, కానీ తీసేసిన యాప్‌లకు సంబంధించి అక్కడ మహా అయితే ఖాళీ ఫోల్డర్లు కొన్ని కనిపిస్తాయి, వాటితో పోయే చోటు ఏమీ లేదు.

ఐఫోన్ వాడేవారు ఒక్క తేడా గమనిస్తే చాలు. సెట్టింగ్స్‌లోని ఐఫోన్ స్టోరేజ్‌లో ‘ఆఫ్‌లోడ్ యాప్’, ‘డిలీట్ యాప్’ అని రెండు కనిపిస్తాయి. 2017లో ఐఓఎస్ 11తో వచ్చిన మొదటిది యాప్‌ను తీసేసి దాని డేటాను అట్టిపెడుతుంది. డేటా కూడా పోవాలంటే రెండోదే నొక్కాలి. ఐక్లౌడ్‌లో ఆ యాప్ దాచినది ఉంటే అది డిలీట్‌తోనూ పోదు, ఐక్లౌడ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి విడిగా తొలగించాలి.

అన్నీ తుడిచేశామనుకుని అదే యాప్‌ను మళ్లీ వేసుకుంటే పాత సెట్టింగ్స్ ప్రత్యక్షమై కొందరిని కంగారు పెడతాయి. అది ఫోన్‌లో మిగిలిన చెత్త కాదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, ఫోన్‌లో బ్యాకప్ ఆన్‌లో ఉండి యాప్ తయారుచేసినవారు వద్దనకపోతే, ఒక్కో యాప్ డేటా 25 ఎంబీ వరకు మీ గూగుల్ ఖాతాలో బ్యాకప్ అవుతుంది, మళ్లీ ఇన్‌స్టాల్ చేయగానే అక్కడి నుంచి దిగుతుంది.

ఫోన్‌లో మిగిలిన నాలుగు ఫైళ్ల గురించి ఇంత బెంగపడేవాళ్లు, యాప్ సర్వర్‌లో మిగిలిన తమ ఖాతా గురించి ఎందుకు అడగరో నాకు అర్థం కాదు. మీ పేరు, ఫోన్ నంబరు, మీరు వెతికినవి, కొన్నవి అన్నీ అక్కడే ఉంటాయి. ఐకాన్‌ను చెత్తబుట్టలోకి లాగినంత మాత్రాన వాటిలో ఒక్కటీ చెరగదు. నెలనెలా కట్టే సబ్‌స్క్రిప్షన్ కూడా ఆగదు, దాన్ని స్టోర్‌లోకి వెళ్లి రద్దు చేయవలసిందే. ఖాతా తెరిపించుకునే యాప్‌లు ఖాతా తొలగించే వీలు కూడా లోపలే కల్పించాలని ఆపిల్ 2022 నుంచి నియమం పెట్టింది; తర్వాత గూగుల్ ప్లే కూడా అదే నియమం తెచ్చి, యాప్ తీసేసినవారికి అక్కరకొచ్చేలా వెబ్ లింకు కూడా ఉండాలంది. కాబట్టి మీరు తీసేసిన ముప్పైలో ఖాతా తెరిచిన వాటిని గుర్తుచేసుకుని, ప్లే స్టోర్‌లో వాటి పేజీలోని డేటా సేఫ్టీ భాగం తెరిచి చూడండి. గూగుల్ ఖాతాతో లాగిన్ అయినవి ఉంటే, ఖాతా సెట్టింగ్స్‌లో ఇతర యాప్‌లకు ఇచ్చిన అనుమతుల జాబితాలో అవి ఇంకా కూర్చునే ఉంటాయి. అక్కడి నుంచీ తీసేయండి.

ఇక మీ ఫోన్‌లో ఖాళీ ఎందుకు పెరగలేదన్న ప్రశ్న మిగిలింది. నా ఫోన్‌లో చీపురు ఊపిన మర్నాడు ఫైళ్లను పరిమాణం వారీగా పేర్చి చూస్తే, మెసేజింగ్ యాప్‌లో ‘సెంట్’ అనే ఫోల్డర్ ఒకటి కనిపించింది. నేను ఇతరులకు పంపిన ప్రతి వీడియోకూ అక్కడ రెండో కాపీ ఉంది, మొత్తం ఆరు జీబీల పైచిలుకు. ఆ యాప్‌ను నేను తీసేయలేదు, రోజూ వాడుతూనే ఉన్నాను.