ట్రైలరులో వేసవి రాత్రులు: ఫ్యాన్ల గురించి పెద్దనాయన లేఖ

చిరంజీవికి,

దేవరకొండ నుండి మీ పెద్దనాయన ఆశీర్వదించి వ్రాయునది. నీవు కొన్న క్యాంపర్ ట్రైలరు, అదే కారు వెనుక తగిలించి లాగే పడక బండి, ఫొటోలన్నీ చూశాను. ఏప్రిల్ నెలాఖరున కోడలిని, పిల్లవాడిని, మీ అమ్మను వెంటబెట్టుకొని జూరాల, సోమశిల, నాగార్జునసాగర్ తిరిగి రావాలనుకుంటున్నావనీ, ఏసీని మోసే శక్తి నీ బ్యాటరీకి లేదు గనుక ఎన్ని ఫ్యాన్లు, ఏ రకానివి బిగించాలో చెప్పమనీ అడిగావు. ఐటీఐలో పిల్లలకు ఎలక్ట్రీషియన్ పని నేర్పుతూ బతికినవాడిని గనుక ఈ సంగతి నాకు తెలిసినదే. రెండు ఫ్యాన్లు చాలు. అయితే ఆ రెండూ ఎక్కడ ఉండాలి, ఏది ఎటు విసరాలి అన్నదే అసలు విషయం కాబట్టి కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

ఫ్యాను గాలిని చల్లబరచదు. అది తీసుకునే కరెంటు కూడా చివరకు వేడిగానే మారి లోపలే మిగులుతుంది. ఒంటి మీది చెమటను త్వరగా ఆరనివ్వడం వల్లనే మనకు చల్లగా అనిపిస్తుంది. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు ఉంటుంది గనుక, గాలి అంతకన్నా వేడెక్కే కొద్దీ ఫ్యాను వల్ల కలిగే మేలు తగ్గిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 40 డిగ్రీల లోపు ఉన్నప్పుడే ఫ్యాను వాడమంటుంది. మన నల్లగొండ వైపు మే నెల మధ్యాహ్నం నీడలోనే 44, 45 డిగ్రీలు ఉండడం కొత్త కాదు. ఎండలో నిలిపిన రేకు బండి లోపల ఇంకా ఎక్కువ ఉంటుంది. కనుక పగటిపూట ఆ బండిలో ఎవ్వరినీ పడుకోనివ్వకు, ఎన్ని ఫ్యాన్లు తిరుగుతున్నా సరే. రాత్రి సంగతి వేరు. బయటి గాలి తెల్లవారుజాముకు 28, 30 డిగ్రీలకు దిగుతుంది. కానీ పగలంతా కాగిన కప్పు, పరుపు, ప్లైవుడ్ పెట్టెలు ఆ వేడిని లోపల వదులుతూనే ఉంటాయి. ఆ వేడిని బయటకు తోలి బయటి చల్లగాలిని లోపలికి రప్పించడమే నీ పని.

అందుకే మొదటి ఫ్యాను కప్పులో ఉండాలి, లోపలి గాలిని పైకి లాగి బయటకు నెట్టాలి. వేడి గాలి ఎలాగూ పైకే చేరుతుంది. ఇటువంటి బండ్ల కోసమే 14 అంగుళాల చదరపు రంధ్రంలో కూర్చునే 12 వోల్టుల ఫ్యాన్లు దొరుకుతాయి. వాన మూత ఉన్నదీ, వేగం తగ్గించుకోగలిగినదీ చూసి తీసుకో. దానిని తలగడ ఉన్న వైపున కాక, రెండో కొసన బిగించు. రాత్రి పడుకునేటప్పుడు తలగడ పక్కనున్న కిటికీలను మాత్రమే తెరిచి మిగతావన్నీ మూసివేస్తే, బయటి గాలి తప్పనిసరిగా మీ ఒంటి మీదుగా నడిచి అవతలి కొసన పైకి పోతుంది. గాలి బాగా ఆడాలని చాలామంది కిటికీలన్నీ బార్లా తెరుస్తారు. అప్పుడు ఫ్యాను తనకు దగ్గరగా ఉన్న కిటికీ నుండే గాలి లాక్కొని బయట పారేస్తుంది, పడుకున్నవారికి ఏమీ అందదు. ఇక అన్నీ మూసి ఫ్యాను వేయడమంటే నోరు మూసిన సీసాను పీల్చడమే. తెరిచిన కిటికీల వైశాల్యం ఫ్యాను రంధ్రానికి తగ్గకుండా చూసుకో. దోమ జాలీ గాలిని కొంత ఆపుతుంది కనుక ఇంకాస్త ఎక్కువే ఉంచు.

ఈ ఫ్యానును ఎప్పుడు వేయాలన్నది కూడా ముఖ్యమే. బయట కన్నా లోపల వేడిగా ఉన్నప్పుడే దానితో లాభం. సాయంత్రం నాలుగింటికి వడగాలి కొడుతుండగా వేస్తే ఆ వడగాలినే లోపలికి పిలిచినట్లవుతుంది. లోపల ఒకటి, బయట నీడలో ఒకటి చిన్న థర్మామీటర్లు వేలాడదీసి, బయటిది తక్కువ చూపగానే తలుపులు, కిటికీలు, మంచం కింది పెట్టెలు సైతం తెరిచి, పూర్తి వేగంతో గంటా రెండు గంటలు నడిపించు. పడుకునేముందు వేగం తగ్గించి, నేను చెప్పిన కిటికీలు తప్ప మిగిలినవి మూయి. ఉదయం ఎండ ఎక్కకముందే అన్నీ మూసి, కిటికీలకు బయటి వైపున గుడ్డ తెర కట్టు. అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండను లోపలి పరదా పూర్తిగా వెనక్కు పంపలేదు. కప్పు మీద ఎండను వెనక్కు కొట్టే తెల్లని కూల్ రూఫ్ రంగు వేయించడం కూడా మంచిది. మన ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానంలో ఇళ్ళ కప్పులకు చెప్పినది రేకు బండికి మరింత వర్తిస్తుంది.

రెండో ఫ్యాను ఒంటి మీదికి విసిరేది. అటూ ఇటూ తిరిగే చిన్న 12 వోల్టుల ఫ్యాను తీసుకొని కాళ్ళ వైపున బిగించి, మోకాళ్ళ నుండి ఛాతీ దాకా గాలి తగిలేట్లు తిప్పు. రాత్రంతా ముఖం మీదికే వీస్తే గొంతు, కళ్ళు ఎండిపోతాయి, మీ అమ్మకు అది అసలు పడదు. దోమతెర కట్టేట్లయితే ఫ్యాను తెర లోపలే ఉండాలి, బయట నుండి వేస్తే సగం గాలి తెరలోనే ఆగిపోతుంది. పిల్లవాడి వేలు దూరని జాలీ ఉన్నది చూడు. ఆ ఫోము పరుపు కూడా నాకు నచ్చలేదు. అది ఒంటి వేడిని వదలదు. వేసవి వరకు దానిని తీసివేసి, సందులున్న చెక్క పట్టీల మీద పలుచని దూది పరుపు, నూలు దుప్పటి పరిస్తే అడుగు నుండి కూడా గాలి తగులుతుంది. నులక మంచం మీద హాయిగా నిద్ర పట్టడానికి కారణం అదే.

బ్యాటరీ లెక్క నీవే చేసుకోగలవు, అయినా వ్రాస్తాను. కప్పు ఫ్యాను మధ్య వేగంలో 20 వాట్లు, చిన్నది 15 వాట్లు అనుకుంటే తొమ్మిది గంటలకు 315 వాట్-అవర్లు (వాట్లను గంటలతో హెచ్చవేస్తే వచ్చేది). నీ 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 1200 వాట్-అవర్లు ఉంటాయి. అది లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే సగానికి మించి వాడకూడదు, వాడితే త్వరగా చెడిపోతుంది. అంటే 600. ఒక రాత్రి నిశ్చింతగా గడుస్తుంది, రెండో రాత్రికి కొద్దిగా తక్కువ పడుతుంది. లిథియం అయితే చాలావరకు వాడుకోవచ్చు గనుక మూడు రాత్రులు. ఇంట్లోని టేబుల్ ఫ్యానునే ఇన్వర్టర్ మీద నడుపుదామన్న నీ ఆలోచన మానుకో. అది ఒక్కటే 50 వాట్లకు పైగా తీసుకుంటుంది, ఇన్వర్టర్ తరుగు కూడా కలిస్తే ఒక్క రాత్రికే ఆ 600 దాదాపు అయిపోతాయి. 100 వాట్ల సోలార్ పలక మంచి ఎండలో రోజుకు సుమారు 400 వాట్-అవర్లు ఇస్తుంది. కానీ బండిని నీడలో నిలపాలంటున్నాను కదా, కప్పు మీద బిగిస్తే అది ఎండ చూడదు. కాబట్టి పలకను బిగించకుండా, మందమైన పొడవాటి వైరుతో ఎండలో విడిగా పెట్టుకునే ఏర్పాటు చేయించు. ఫ్యాన్లకు కూడా సన్నని వైరు వాడితే వోల్టేజి పడిపోయి నెమ్మదిగా తిరుగుతాయి. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించు. లెడ్ యాసిడ్ బ్యాటరీని మంచం కింద మూసి ఉంచవద్దు, చార్జింగ్‌లో మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది.

చిన్న కూలర్ సంగతి అడిగావు. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది కనుక పనిచేస్తుంది, కిటికీ తెరిచి తడి గాలిని బయటకు పోనిస్తేనే సుమా. మృగశిర దాటి వానలు పడ్డాక దానివల్ల ఉక్క తప్ప ఏమీ మిగలదు. ఫ్యాను ముందు ఐసు డబ్బా పెట్టడం మాత్రం తృప్తికి తప్ప పనికిరాదు: ఐదు కిలోల ఐసు కరిగితే లాగుకునే వేడి సుమారు 465 వాట్-అవర్లు, నిద్రలో ఒక్కొక్క మనిషి ఒళ్ళు 70, 80 వాట్ల వేడిని వదులుతూనే ఉంటుంది. మీరు నలుగురు. ఆ ఐసుతో నీళ్ళు చల్లబరచుకొని తాగండి.

బండిని ఎక్కడ నిలుపుతావన్నదాని మీదనే సగం నిద్ర ఆధారపడి ఉంటుంది. మన వైపు గుట్టలు చాలావరకు గ్రానైటు రాయి. చూడటానికి అందంగా, చదునుగా ఉందని బండ మీదనో, గుట్ట పాదాన్ననో నిలిపితే, పగలు తాగిన ఎండను ఆ రాయి అర్ధరాత్రి దాకా మీ మీదికి కక్కుతుంది. తారు రోడ్డు, సిమెంటు గచ్చు కూడా అంతే. మట్టి నేల చూసుకో. పగలు వేపచెట్టు, చింతచెట్టు నీడ కావాలి. రాత్రికి మాత్రం బండిని చెట్టు కింద నుండి ఆరుబయటికి జరుపు, ఎందుకంటే కొమ్మలు గాలికి అడ్డం, పైగా కప్పు తన వేడిని ఆకాశానికి వదలకుండా ఆపుతాయి. సాయంత్రం ఎండకు, అంటే పడమటికి, కిటికీలు లేని చిన్న గోడను తిప్పు. సోమశిలలో నీ లెక్క తప్పే అవకాశముంది: సంగమేశ్వరం గుడి బయటపడేంతగా శ్రీశైలం నీళ్ళు వెనక్కు జరిగే కాలమది, ఒడ్డున నిలిపినా నీరు దూరంగానే ఉంటుంది, నీటి మీది గాలిని నమ్ముకోకు. నీటికి దగ్గర కావాలని ఏటి ఇసుకలోకి బండి దింపవద్దు, జూరాల ఆనకట్ట దిగువన అసలే వద్దు. అమ్రాబాద్ అడవిలో రాత్రి బస అంటే అటవీశాఖ వారు అనుమతించిన చోటనే.

గ్యాసు పొయ్యి బండి లోపల వెలిగించకు. కిటికీలు మూసి కప్పు ఫ్యాను నడిపితే అది ఏ సందు దొరికితే ఆ సందులో నుండి గాలి లాగుతుంది. పక్కన జనరేటరో, కారు ఇంజనో నడుస్తుంటే ఆ పొగ కూడా లోపలికే వస్తుంది, అందులోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రాత్రి పదింటికి కూడా లోపల వేడి 36 డిగ్రీల కిందికి దిగకపోతే ఫ్యాన్ల మీద ఆశ పెట్టుకోక, మీ అమ్మను, పిల్లవాడిని బయట దోమతెర కట్టి పడుకోబెట్టు, లేదా దగ్గరి ఊళ్ళో గది తీసుకో. ఎవరికైనా ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే ఒంటి మీద నీళ్ళు పోసి ఫ్యాను వేసి, వెంటనే 108కి ఫోను చేయి.

కప్పుకు రంధ్రం కోయించే ముందు లోపలి రేకు కింద అడ్డకడ్డీలు ఎక్కడెక్కడ ఉన్నాయో తట్టి చూసి, వాటి మధ్య దూరం, కప్పు మందం కొలిచి నాకు పంపు. కొలతలు చూశాక ఏ ఫ్యాను పడుతుందో చెబుతాను, అంతవరకు డబ్బు కట్టవద్దు.

ఇట్లు,
మీ పెద్దనాయన