ముక్కు గొట్టంలో ఎన్ని గ్రాములు వెళ్లాయి?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు, బరువు 58 కిలోలు. న్యుమోనియాతో తొమ్మిది రోజులుగా ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నారు. ముక్కు గొట్టంతో ఆహారం ఇస్తున్నారు. తొడలు పుల్లల్లా అయిపోయాయి. కొబ్బరినీళ్లు, సగ్గుబియ్యం జావ పంపమని అత్తయ్య, ప్రొటీన్ పౌడరు ఇద్దామని తమ్ముడు, అది కిడ్నీలకు చేటని బాబాయి అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. నేను డైటీషియన్‌ను కాకముందు, ఆమె ఆసుపత్రిలో ఉన్న మూడు వారాలూ ఫ్లాస్కు నిండా సగ్గుబియ్యం జావే మోసుకెళ్లాం. జ్వరం తగ్గింది కానీ ఆమె మళ్లీ తనంతట తాను మంచం దిగలేదు. ఆ జావలో మాంసకృత్తులు దాదాపు శూన్యమని మాకు తెలియదు.

తీవ్రమైన జబ్బులో శరీరం తన కండనే కరిగించి వాడుకుంటుంది. ముసలితనంలో ఆ కండ ముందే తక్కువ. ఐసీయూ రోగికి మెల్లగా పెంచుతూ రోజుకు కిలో బరువుకు 1.3 గ్రాముల మాంసకృత్తులు అందించాలని యూరప్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ నాన్నగారికి అది సుమారు 75 గ్రాములు, అంటే పన్నెండు కోడిగుడ్లలో ఉండేంత. గ్లాసు కొబ్బరినీళ్లలో రెండు గ్రాములు కూడా ఉండవు. పైగా అందులోని పొటాషియం కిడ్నీలు దెబ్బతిన్నవారికి ప్రమాదం.

అలాగని సొంతంగా పౌడరు కలపకండి. కిలోకు 2.2 గ్రాములు, ఆపైన ఇచ్చి చూసిన ఒక పెద్ద అంతర్జాతీయ పరిశోధన 2023లో వెలువడింది. అదనపు లాభం కనిపించలేదు, కిడ్నీలు దెబ్బతిన్నవారిలో హాని సూచనలు కనిపించాయి. బాబాయిగారి భయం ఆ మేరకు నిజమే. కానీ ఆ భయంతో మామూలు మోతాదుకు కోత పడకూడదు.

రేపు డాక్టరుగారిని అడగండి: "నిన్న నాన్నకు ఎన్ని గ్రాముల మాంసకృత్తులు లోపలికి వెళ్లాయి?" కేస్ షీటులో రాసినవి కాదు, వెళ్లినవి. స్కానింగుకని ఆపిన ఆహారం చాలాసార్లు తిరిగి భర్తీ కాదు. నేను రోజూ పోట్లాడేది దీని కోసమే.

వార్డుకు వచ్చాక ప్రతి పూటా గుడ్డు, పెరుగు, మెత్తటి కందిపప్పు పెడుతూ, ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు కాళ్లు కదిలించండి. వెంటిలేటర్ గొట్టం తీశాక, ఆయన సరిగా మింగగలుగుతున్నారని పరీక్షించి చెప్పేవరకు మజ్జిగ చుక్క కూడా నోట్లో పోయకండి.