సరి సంఖ్యను రెండు ప్రధాన సంఖ్యలుగా విడగొట్టాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

2 కన్నా పెద్దదైన ప్రతి సరి సంఖ్యనూ రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయొచ్చన్నది గోల్డ్‌బాక్ ఊహ. అలాంటి జతల్ని ఎలా వెతకాలో చెబుతాను. ముందు 1ని పక్కన పెట్టు. గణితవేత్త గోల్డ్‌బాక్ 1742లో మరో గణితవేత్త ఆయిలర్‌కు ఉత్తరం రాసినప్పుడు దాన్నీ ప్రధాన సంఖ్యగానే లెక్కవేశాడు. ఇప్పుడు అలా లెక్కవేయం.

బేసి సంఖ్యల సంగతి ఒక్క తీసివేతతో తేలిపోతుంది. రెండు ప్రధాన సంఖ్యలు కలిసి బేసి రావాలంటే అందులో ఒకటి 2 కాక తప్పదు. 27లోంచి 2 తీస్తే 25, అది ప్రధానం కాదు. కాబట్టి 27 రెండుగా విడదు. మూడుగా అయితే 3 తీసేసి 24 సంగతి చూడు: 3+5+19.

అసలు పనంతా సరి సంఖ్యలతోనే. 98 తీసుకో. 3, 5, 7 అంటూ వరసగా తీసేస్తూ పోతే ఏడో ప్రయత్నానికి గానీ దొరకదు. అలా గుడ్డిగా పోకు. 98ని 3తో భాగిస్తే శేషం 2. అదే శేషం వచ్చే 5, 11, 17 తీస్తే మిగిలేది 3 గుణిజమే, దండగ. చివరి అంకె 3 ఉన్నవి తీస్తే మిగిలినదాని చివర 5 వస్తుంది. 3, 13 కూడా పోయాయి. ఇక చూడాల్సినవి 7, 19. 7 తీస్తే 91. చాలామంది బోల్తాపడేది ఇక్కడే, చూడ్డానికి ప్రధానంలా ఉంటుంది గానీ అది 7×13. 19 తీస్తే 79. దాన్ని 2, 3, 5, 7 భాగించవు. 9 వర్గమే 81 కనుక అంతకు మించి చూడక్కర్లేదు. 98=19+79. మిగిలేది సరిగ్గా 3 గానీ 5 గానీ అయితే మాత్రం కొట్టేయకు: 8లోంచి 5 తీస్తే వచ్చే 3 ప్రధానమే.

3 గుణిజాలకు జతలు ఎక్కువగా దొరికేదీ ఇందుకే. వాటిలోంచి 3 తప్ప ఏ ప్రధానాన్ని తీసినా 3 గుణిజం మిగలదు. 90కి 9 జతలుంటే పక్కనున్న 92కి 4 మాత్రమే.

ప్రోగ్రామ్ రాస్తే ఎరటోస్తనీస్ జల్లెడతో, అంటే ఒక్కో ప్రధానం గుణిజాలను కొట్టేస్తూ పోయే పద్ధతితో, ఏ సంఖ్య ప్రధానమో అవును, కాదు అని చెప్పే పట్టిక ఒకటి ముందే తయారుచేసుకో. ప్రతిసారీ భాగహారాలు చేయిస్తే పెద్ద సంఖ్యల దగ్గర నత్తనడకే. నీ ప్రోగ్రామ్ ఎంతదాకా సరిచూసినా దాన్ని నిరూపణ అనకు. 4 తర్వాత 18 సున్నాలున్న సంఖ్య దాకా సరిచూశారు, అయినా గోల్డ్‌బాక్ ఊహ ఇంకా ఊహే.

జతల్ని సంఖ్యలో సగం దాకానే వెతకాలి. 100కి 6 రావాలి. 12 వచ్చాయంటే సగం దాటి పోయావు. 10తో కూడా పరీక్షించు: 3+7, 5+5, రెండే. మూడు వచ్చినా తప్పు అదే.