గుంటూరు నుంచి డల్లాస్‌కి ఎన్ని గంటలు?

ఆగస్టు దగ్గరపడితే గుంటూరు, విజయవాడల నుంచి ఇక్కడ డల్లాస్‌కి చదువుకోడానికి వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. టికెట్‌లో హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:10కి ఎక్కి, అదే రోజు సాయంత్రం 4:40కి డల్లాస్‌లో దిగుతున్నట్టు ఉంటుంది. పన్నెండున్నర గంటలేనంట అని ఇంట్లో చెప్పేస్తారు. కాదు బాబూ, టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. వేసవిలో మనకీ డల్లాస్‌కీ తేడా పదిన్నర గంటలు (చలికాలంలో పదకొండున్నర), అది కలిపితే 23 గంటలు.

హైదరాబాద్, డల్లాస్ భూగోళానికి దాదాపు చెరో పక్కా ఉన్నాయి. మధ్య దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానం లేదు కాబట్టి ఎక్కడో ఒకచోట మారాలి. దుబాయ్ మీదుగా అయితే అక్కడిదాకా 4 గంటలు, మారడానికి ఓ 3 గంటలు, అక్కణ్ణుంచి 12,900 కిలోమీటర్లు, అంటే ఏకబిగిన 16 గంటలు. మారే టైము రెండు గంటల కంటే తక్కువుంటే చవకగా వచ్చినా నేనైతే కొనను.

ఇదంతా శంషాబాద్ నుంచి లెక్క, మనిల్లు అక్కడ లేదుగా! పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా కారులో ఐదారు గంటలు. సంక్రాంతి సెలవులు అయిపోయిన ఆదివారమైతే పంతంగి టోల్ దగ్గరే మీ ఓపిక సగం కరిగిపోతుంది. గన్నవరం నుంచి హైదరాబాద్‌కి ఫ్లైట్ తీసుకోవచ్చు, కానీ అదీ అమెరికా ప్రయాణమూ ఒకే టికెట్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే, మొదటిది లేటై రెండోది తప్పిపోయినప్పుడు ఎవరూ బాధ్యత తీసుకోరు.

అన్నిటికంటే ముంచేది తేదీ. నా మొదటి ప్రయాణానికి టికెట్ మీద శనివారం 4:10 అని ఉంటే, శనివారం మధ్యాహ్నం బయల్దేరదామని అమ్మ పంచాంగం చూసి మంచి టైము కూడా పెట్టేసింది. శుక్రవారం సాయంత్రం మా మేనమామ వచ్చి, కాఫీ తాగుతూ టికెట్ చేతిలోకి తీసుకుని, "ఒరేయ్, ఇది ఇవాళ రాత్రి దాటాక రా!" అన్నాడు. గంటలో కారెక్కాం. వార్తాకాగితం చుట్టి, పైన టేపు వేసి పెట్టిన గోంగూర పచ్చడి సీసా అరుగు మీదే ఉండిపోయింది. ఆరింటికి గుమ్మం దాటినవాణ్ణి, డల్లాస్‌లో ఇమిగ్రేషన్ లైను, సామాను అన్నీ అయ్యి రూముకి చేరేసరికి 35 గంటలు. గాల్లో ఉన్నది అందులో 20.

ఇంకోటి, అమెరికాలో మొదట దిగేది వేరే ఊరై, అక్కణ్ణుంచి డల్లాస్‌కి మారేటట్టుంటే, మామూలుగా సామాను ఆ మొదటి ఊళ్లోనే తీసుకుని, కస్టమ్స్ దాటించి మళ్లీ ఇవ్వాలి. హైదరాబాద్‌లో "డల్లాస్ దాకా వేసేశాం" అన్నా సరే. దీనికే మూడు గంటలు చేతిలో ఉంచుకోండి.

తిరుగు ప్రయాణంలో పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి డల్లాస్ నుంచి దుబాయ్‌కి గంటో గంటన్నరో తగ్గుతుంది. కానీ రోజులు మాత్రం రెండు మారతాయి, సోమవారం సాయంత్రం డల్లాస్‌లో ఎక్కితే బుధవారం తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగుతారు. కారు మాట్లాడేటప్పుడు నాన్నగారికి బుధవారం అని మాత్రమే చెప్పకండి, గుంటూరులో మంగళవారం రాత్రి తొమ్మిదింటికల్లా బయల్దేరమని చెప్పండి.