మీ ప్రశ్నలు – మా జవాబులు: ఉగ్రవాదంపై పోరుకు చట్టం అడ్డమా?

ప్రశ్న: ఉగ్రవాదులు ఏ చట్టాన్నీ లెక్కచేయరు కదా, మరి వాళ్లతో పోరాడే పెద్ద దేశాలు మాత్రం అంతర్జాతీయ చట్టం అంటూ చేతులు కట్టుకుని కూర్చోవాలా?

జవాబు: కూర్చోమని ఎవరన్నారండీ? సాయుధ దాడి జరిగితే ఆత్మరక్షణ హక్కు ఉందని ఐక్యరాజ్యసమితి చార్టర్ 51వ అధికరణే చెబుతోంది. 2001 సెప్టెంబరు 11 దాడుల మర్నాడే భద్రతామండలి 1368వ తీర్మానంలో ఆ హక్కును గుర్తించింది కూడా. గొడవంతా ఆ తర్వాత మొదలైంది. 2003లో అమెరికా, దాని మిత్రదేశాలు మండలి స్పష్టమైన అనుమతి లేకుండానే ఇరాక్ మీదికి వెళ్లాయి, తీరా చూస్తే ఉన్నాయన్న సామూహిక విధ్వంసక ఆయుధాల నిల్వలు దొరకలేదు. క్యూబాలోని అమెరికా సైనిక స్థావరం గ్వాంటనామోలో మనుషుల్ని విచారణ లేకుండా ఏళ్లకేళ్లు ఉంచేస్తే, ఆ ఖైదీలకూ యుద్ధంలో పట్టుబడ్డవాళ్లను ఎలా చూడాలో చెప్పే జెనీవా ఒప్పందాల కనీస రక్షణ ఉంటుందని 2006లో అమెరికా సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది.

ప్రశ్న: పాటించకపోతే వాళ్లనెవరు ఆపగలరు?

జవాబు: నిజం చెప్పాలంటే, ఎవరూ ఆపలేరు. నికరాగ్వాలో ప్రభుత్వంపై తిరగబడ్డవాళ్లకు సాయం చేసిందన్న కేసులో 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం అమెరికాను తప్పుపట్టింది, ఆ తీర్పు అమలు చేయాలన్న భద్రతామండలి తీర్మానాన్ని అమెరికాయే వీటో చేసి పక్కన పడేసింది. రష్యా, చైనాల చేతుల్లోనూ అదే వీటో ఉంది, వాళ్లేమీ తక్కువ తినలేదు. అయినా పాటించాలనే నేనంటాను, ఎందుకంటే తొక్కేస్తే నష్టం వాళ్లకీ ఉంది. చిత్రహింసలు పెట్టి రాబట్టిన వాంగ్మూలం కోర్టులో నిలబడదు. సెప్టెంబరు 11 కేసు విచారణ గ్వాంటనామోలో ఏళ్ల తరబడి సాగుతూ పోవడానికి అదే ఒక పెద్ద కారణం.